పోలీసు ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో ఎమర్జెన్సీ మీద నేను రాసిన అరపేజీకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వాట్సాప్‌లో వచ్చినవి చాలా, పోస్టులో వచ్చినవి రెండు, ఒకాయనైతే గవర్నర్‌పేటలో నేను టీ తాగుతుంటే పక్క బల్ల మీంచి లేచొచ్చి నోటితోనే అడిగేశాడు. అన్నీ తిరిగి తిరిగి పోలీసుల దగ్గరికే వచ్చాయి కాబట్టి ఈసారి పెన్షన్ల ప్రశ్నలు, ఆస్తి పంపకాల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే రాస్తున్నాను. ముప్పయ్యేళ్లు నల్లకోటు వేసుకుని గుంటూరు, బెజవాడ కోర్టుల మెట్లెక్కిన వాణ్ణి, స్టేషన్లను బయటి నుంచీ లోపలి నుంచీ చూశాను, కాస్త చనువుగా మాట్లాడితే ఏమనుకోకండి. పేర్లు వేయొద్దని ఎక్కువమంది అడిగారు, అందుకని అందరివీ తీసేశాను.

ప్రశ్న: సార్, నియంతల పాలనలో పోలీసులు ప్రభుత్వం చేతిలో పనిముట్టు అయిపోతారని మా లెక్చరర్ చెప్పారు. ప్రజాస్వామ్యంలో మాత్రం పోలీసులు ప్రభుత్వం చెప్పిందే కదా చేసేది? మరి తేడా ఏంటి?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మంచిచోట పట్టుకున్నావమ్మా. లాఠీ అదే, జీపు అదే, యూనిఫాం రంగు కాస్త అటూ ఇటూ. ఒక మనిషిని పట్టుకెళ్లాక పోలీసు ఎవరికి జవాబు చెప్పుకోవాలి, అక్కడుంది తేడా అంతా. మన దగ్గర అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణం ఆ మాట చెబుతుంది. ఆ మేజిస్ట్రేట్ గట్టిగా అడుగుతాడా, తల ఎత్తకుండానే సంతకం పెట్టి రిమాండ్‌కి పంపేస్తాడా అన్నది వేరే గొడవ, రెండు రకాలవాళ్లనీ చూశాను నేను. కానీ "ఎందుకు పట్టుకొచ్చావయ్యా?" అని అడిగే అధికారం ఉన్నవాడు ఒకడు పోలీసు శాఖకి బయట కూర్చుని ఉన్నాడు. నియంత అనేవాడు మొదట తీసేసేది ఆ ఒక్క కుర్చీనే.

జర్మనీలో ఎలా జరిగిందో చూడు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఫిబ్రవరిలో ప్రష్యా రాష్ట్ర హోంశాఖ చేతిలో ఉన్న హిట్లర్ అనుచరుడు గోరింగ్ దాదాపు 50,000 మందిని సహాయ పోలీసులుగా వేసుకున్నాడు. ఎవరు వాళ్లు? నిన్నటిదాకా వీధుల్లో కర్రలు పట్టుకుని ఎదుటి పార్టీవాళ్లతో కొట్లాడిన కార్యకర్తలే ఎక్కువమంది. చేతికి తెల్ల పట్టీ కట్టుకున్నారు, పోలీసులైపోయారు. ఆ నెల 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే అత్యవసర ఉత్తర్వు వచ్చింది, దాంతో ఎవర్నైనా విచారణ లేకుండా లోపలెయ్యొచ్చు. దానికి పెట్టిన పేరు చూడు, "రక్షణ నిర్బంధం"! నిన్ను కాపాడటానికే నిన్ను లోపలేశాం అన్నట్టు. 1936లో ఇంకో చట్టం తెచ్చి గెస్టపో అనే రహస్య పోలీసు శాఖ చేసే పనుల మీద పరిపాలనా కోర్టులు నోరెత్తడానికి వీల్లేదన్నారు. మూడేళ్లు, అంతే. దీనికోసం కొత్త మనుషుల్ని ఎక్కడి నుంచో దించుకోలేదు, పాత పోలీసుల్లో చాలామంది అవే ఉద్యోగాల్లో కొనసాగారు. హైన్రిఖ్ ముల్లర్ అని నాజీలు రాకముందు నుంచే మ్యూనిక్‌లో పోలీసు పని చేస్తున్నవాడు, ఆయనే తర్వాత గెస్టపోకి అధిపతి అయ్యాడు.

జర్మనీ దూరం అనుకుంటే మన దగ్గరికే రా. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది, అరెస్టుల మీద కోర్టుకి వెళ్లే హక్కుని రెండు రోజుల్లోనే ఆపేశారు. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల్లో నలుగురు సరేనన్నారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు, తర్వాత చీఫ్ జస్టిస్ కావాల్సిన ఆయనకి ఆ కుర్చీ దక్కలేదు. అంతకు రెండు నెలల ముందే కేరళలో కాలికట్ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ నుంచి రాజన్ అనే కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు. వాళ్ల నాన్న ఈచర వారియర్ హిందీ ప్రొఫెసర్. కొడుకు ఎక్కడున్నాడని ఆఫీసుల చుట్టూ, మంత్రుల చుట్టూ తిరిగాడాయన. ఏ కోర్టుకెళ్లాలి? తలుపులే మూసేశారు కదా. ఎమర్జెన్సీ ఎత్తేశాక, 1977లో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్, వేస్తేగాని కక్కయం క్యాంపులో ఆ అబ్బాయి చనిపోయాడన్న సంగతి బయటికి రాలేదు. అప్పటి హోంమంత్రి కరుణాకరన్ అప్పుడే ముఖ్యమంత్రి అయ్యారు, ఆ దెబ్బకి రాజీనామా చేశారు. శవం మాత్రం ఆ తండ్రికి ఎప్పటికీ దొరకలేదు.

మీ లెక్చరర్ చెప్పిన పనిముట్టు మాట నిజమే. ఆ పనిముట్టు మన ఇంట్లో కూడా చూరులో దోపి ఉంటుందని కూడా చెప్పుంటే బాగుండేది.

ప్రశ్న: హక్కులు హక్కులు అని మీరంతా అంటారు గానీ పోలీసంటే భయం ఉన్నచోటే దొంగతనాలుండవు. షాపు షట్టర్ పగలగొట్టించుకున్నవాణ్ణి, నాకు తెలుసు ఆ బాధ. పాలన గట్టిగా ఉంటే తప్పేంటండీ?
– బట్టల వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: షట్టర్ సంగతి చదివి బాధపడ్డాను. ఫిర్యాదు రాయించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగారో మీరు రాయలేదు, నేను ఊహించుకున్నాను. నేరం జరిగిందని చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి చెప్పింది, ఎందుకైనా మంచిది గుర్తు పెట్టుకోండి.

ఇక గట్టి పాలన మాట. సోవియట్ యూనియన్ కంటే గట్టి పాలన మీరు చూపించలేరు కదా? అక్కడ రోస్తోవ్ దగ్గర 1978 డిసెంబర్లో తొమ్మిదేళ్ల పాపని ఎవరో చంపేశారు. పోలీసులు క్రావ్‌చెంకో అనే ఒకణ్ణి పట్టుకున్నారు, పాత నేరస్తుడే, అందుకే తేలిగ్గా దొరికాడు. ఒప్పించారు. ఎలా ఒప్పిస్తారో నేను మీకు చెప్పక్కర్లేదు. 1983లో కాల్చేశారు, ఫైలు మూసేశారు. నిజంగా చంపినవాడి పేరు చికటిలో, బడిలో టీచరుగా కూడా చేశాడు, వాడు తర్వాత పన్నెండేళ్లపాటు రైల్వే స్టేషన్ల దగ్గరా బస్టాండుల్లోనూ పిల్లల్నీ ఆడవాళ్లనీ వెంటబెట్టుకెళ్లి చంపుతూనే ఉన్నాడు. 1990 నవంబర్లో దొరికాడు, 1992లో 52 హత్యలకి శిక్ష పడింది. ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? మన సమాజంలో ఇలాంటివాళ్లు ఉండరన్నది అక్కడి అధికారిక వైఖరి, కాబట్టి పేపర్లో హెచ్చరిక రాదు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని తల్లిదండ్రులకి చెప్పేవాడు లేడు. ఆ పోలీసులు పై ఆఫీసుకి జవాబు చెప్పుకున్నారు, కేసు తేలిందని లెక్క చూపించారు, వాళ్ల వరకు పని అయిపోయింది. చచ్చిన పాప తల్లికి ఎవరూ జవాబు చెప్పుకోలేదు.

మీ షట్టర్ పగలగొట్టినవాడు దొరకాలంటే ఆ తెల్లవారుజామున అక్కడ టీ బండి పెట్టుకునేవాడు చూసింది వచ్చి చెప్పాలి. పోలీసంటే వాడికి హడలైతే వాడెందుకొస్తాడు చెప్పండి? సాక్ష్యానికొచ్చి ముద్దాయై ఇంటికెళ్లినవాళ్ల కథలు మన ఊళ్లో తక్కువేం లేవు.

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారు సీతానగరంలో "సెటిల్‌మెంట్" ఉండేదని, రాత్రుళ్లు కూడా హాజరు వేయించుకోవాలని చెప్పేవారు. అదేంటో మా పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను. ఇది మీ పోలీసుల చర్చలోకి వస్తుందా?
– రిటైర్డ్ ఉద్యోగి, తాడేపల్లి

జవాబు: రావడమేంటండీ, అసలు ఇక్కడి నుంచే మొదలుపెట్టాల్సింది. మనం బెర్లిన్, మాస్కో అని తిరిగొస్తున్నాం గానీ ప్రకాశం బ్యారేజీ దాటితే పాఠం అక్కడే ఉంది.

1871లో బ్రిటిష్‌వాళ్లు "నేరస్త తెగల చట్టం" చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు, అంటే మన గుంటూరు, కృష్ణా జిల్లాలకి. చట్టం చెప్పేది క్లుప్తంగా ఇది: ఫలానా కులం పుట్టుకతోనే నేరస్తులు. వాళ్లలో ఒక్కొక్కరూ ఏం చేశారని ఎవరూ అడగరు. మన వైపు ఆ ముద్ర పడింది ఎక్కువగా ఎరుకలవాళ్ల మీద. వాళ్లు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు. రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనమొచ్చింది, వ్యాపారం పోయింది. తిరిగేవాడికి ఊరు లేదు, ఊరు లేనివాడికి మునసబు పూచీ లేదు, ఇక వాడు దొంగే! వాళ్లని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున మీ సీతానగరం. స్టువర్టు అంటే అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్, ఆయన పేరే ఊరికి పెట్టారు.

పేరు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసేవాళ్లు. చెప్పిన వేళకి హాజరు పలకాలి, బయటికెళ్లాలంటే చీటీ ఉండాలి, చీటీ లేకుండా దొరికితే జైలు. ఆలోచించండి, పొరుగూళ్లో చెల్లెలి పెళ్లికి వెళ్లడానికి చీటీ, కూతురు పురుటికి చీటీ. నేను చిన్న వకీలుగా ఉన్నప్పుడు ఆ వైపు నుంచి ఒక ముసలాయన ఏదో పొలం తగాదాకి వచ్చేవాడు. గుమస్తా ఫైల్లోంచి పేరు పిలిస్తే చాలు, కూర్చున్నవాడు చటుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడేవాడు. "కూర్చో పెద్దాయనా" అంటే కూర్చునేవాడు కాదు. చిన్నప్పుడు హాజరుకి అలా నిలబడి నిలబడి ఒళ్లు అలవాటు పడిపోయిందని చాలా రోజుల తర్వాత చెప్పాడు.

1952లో చట్టం రద్దయింది, వాళ్లని "విముక్త జాతులు" అన్నారు. స్టువర్టుపురం పేరు చెబితే మాత్రం ఇప్పటికీ జనం నవ్వుతారో, జేబు తడుముకుంటారో చూడండి. జాబితా చించేసినా మాట పోదు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు పాసుబుక్కు లేకుండా తిరగకూడదన్న చట్టాలూ ఇదే తంతు. వాటికి ఎదురుతిరిగినందుకే 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. మనిషి ఏం చేశాడన్నది వదిలేసి, వాడు ఎవడు అన్నదాని మీద పోలీసుల్ని పెట్టారంటే ఇంక ఏ నేరాన్నీ రుజువు చేయాల్సిన పని ఉండదు. రౌడీ షీట్లు ఎవరిమీద తెరుస్తున్నారు, ఎన్నేళ్లయినా ఎందుకు మూయడం లేదు అని కోర్టులు అప్పుడప్పుడూ అడుగుతున్నది కూడా అందుకే.

ప్రశ్న: మీ వ్యాసాలు చదువుతాను. అందులో పోలీసులంటే రాక్షసుల్లా ఉంటారు. మావారు కానిస్టేబుల్. బందోబస్తు అంటే పొద్దున అయిదింటికి వెళ్తే రాత్రి ఎప్పుడొస్తారో తెలీదు, పండగ లేదు, పిల్లాడి పుట్టినరోజు లేదు. పైనుంచి తిట్లు, కింద నుంచి తిట్లు. ఆయన ఎవర్ని అణచగలరు సార్?
– గృహిణి, పోలీస్ క్వార్టర్స్, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాక్షసులని నేనెప్పుడూ రాయలేదు గానీ అలా వినబడిందంటే తప్పు నాదే. వానలో పుష్కర ఘాట్ల దగ్గర ప్లాస్టిక్ కవరు నెత్తిన వేసుకుని నిలబడ్డ కానిస్టేబుళ్లకి టీ ఇప్పించినవాణ్ణే నేను.

మీరు చెప్పిన బాధకి వయసెంతో తెలుసా? 1854లో మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది, రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్న గోల మీద. అప్పట్లో శిస్తు వసూలు చేసేదీ, పోలీసు పని చేసేదీ ఒకే తాసిల్దారీ సిబ్బంది. వేళ్లు చెక్కల మధ్య పెట్టి నొక్కే "కిట్టీ", మనిషిని వంచి కట్టేసి ఎండలో ఉంచడం, ఇవన్నీ ఆ నివేదికలోకి ఎక్కాయి. శిస్తు రాబట్టడానికి వాడిన చెయ్యే నేరం ఒప్పించడానికీ వాడారు. దాని తర్వాత పోలీసుల్ని విడదీశారు, 1857 తిరుగుబాటు అయ్యాక 1861 పోలీసు చట్టం వచ్చింది. లండన్‌లో జనంతో కలిసి తిరిగే పోలీసు పద్ధతి ఉండగా, మనకి మాత్రం ఐర్లండ్‌ని అదుపులో పెట్టడానికి కట్టిన పద్ధతి తెచ్చారు. అందులో కానిస్టేబుల్‌కి ఆలోచించే పనిలేదు, పైవాడు చెప్పింది చెయ్యాలి. గొడవలైన ఊరికి అదనపు పోలీసుల్ని దించి వాళ్ల ఖర్చు ఆ ఊరివాళ్ల దగ్గరే వసూలు చేసే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. మీ ఆయన చేస్తున్న ఉద్యోగానికి పునాది అది, ఆయన తప్పు కాదు.

టార్గెట్ అనే మాట మీ ఇంట్లో రోజూ వినబడుతూ ఉంటుంది కదమ్మా. 1937 జూలై 30న స్టాలిన్ పోలీసు శాఖ 00447 నంబరుతో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కొక్క ప్రాంతానికీ టార్గెట్లు. మొదటి విడతకే కాల్చి చంపాల్సినవాళ్లు 75,950 మంది, క్యాంపులకి పంపాల్సినవాళ్లు రెండు లక్షలకి కాస్త తక్కువ. పేర్లుండవు, అంకెలే! పేర్లు కింది అధికారి వెతుక్కోవాలి. వెతక్కపోతే వాడి పేరే ఎక్కుతుంది. దాంతో జిల్లాల వాళ్లే "మా కోటా పెంచండి" అని మాస్కోకి టెలిగ్రాములు కొట్టారు. 1937, 38 రెండేళ్లలో దాదాపు 6,80,000 మందిని కాల్చేశారు. ఆ శాఖకి అధిపతులుగా చేసినవాళ్ల సంగతి? యగోడాని 1938లో కాల్చారు. ఆయన్ని పట్టించిన యెజోవ్‌ని 1940లో కాల్చారు. యెజోవ్ కుర్చీలో కూర్చున్న బేరియాని 1953లో కాల్చారు. ముగ్గురికీ సరైన విచారణ లేదు, ఎందుకంటే అడిగేవాడి కుర్చీ వాళ్లే తీసేశారు కదా.

మీ ఆయనకి పనికొచ్చే మాట ఒకటుంది. ప్రకాశ్ సింగ్ అని పోలీసు డీజీపీగా చేసి రిటైరైన ఆయనే కోర్టుకెళ్లి పోరాడితే, 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. స్టేషన్ ఆఫీసర్నీ ఎస్పీనీ రెండేళ్లు కదపొద్దు, దర్యాప్తు వేరు శాంతిభద్రతలు వేరు చెయ్యండి, పోలీసుల మీద ఫిర్యాదులకి విడిగా ఒక సంస్థ పెట్టండి అని. ఏ రంగు జెండా ప్రభుత్వమైనా ఇష్టంగా అమలు చేసిందా అంటే నేను నవ్వుతాను. బదిలీ అనే కొరడా చేతిలోంచి జారిపోతుంటే ఎవరికి ఇష్టముంటుంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "అనుమానంగా ఉన్నవాళ్ల ఫొటోలు, ఫ్లాట్ నంబర్లు పెట్టండి, పోలీసులకి పంపిద్దాం" అని ఒకాయన మొదలుపెట్టాడు. బ్యాచిలర్లు, ఎక్కువమంది వచ్చిపోయే ఇళ్లు అన్నీ పెడుతున్నారు. సెక్రటరీగా నేనేం చెయ్యాలి?
– పటమట, విజయవాడ

జవాబు: ఆ గ్రూపు ఆపండి. ఇవాళే.

ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. గెస్టపో అంటే ప్రతి వీధి చివరా ఒకడు నిలబడి ఉంటాడనుకుంటాం. దేశమంతటికీ కలిపి వాళ్లు బాగా ఎక్కువున్నప్పుడు కూడా ముప్పయి వేల చిల్లరే. చరిత్రకారులు ఆ ఫైళ్లు తిరగేస్తే చాలా కేసులు మొదలైంది మామూలు జనం ఇచ్చిన ఫిర్యాదులతోనని తేలింది. ఇంటి అద్దె గొడవ, వ్యాపారంలో పోటీ, మొగుడూ పెళ్లాల తగాదా. గోడ అవతల రేడియోలో శత్రుదేశపు వార్తలు వింటున్నాడు అని ఒక్క మాట చెబితే చాలు. తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసీ ఇంకా పద్ధతైనది. కోటీ డెబ్భై లక్షలకి లోపు జనాభాకి 1989లో జీతగాళ్లే 91,000 మంది, వాళ్లు కాక లక్షన్నరకి పైగా రహస్య వేగులు. 1992లో ఎవరి ఫైలు వాళ్లు చదువుకోవచ్చన్నారు. వెరా వోలెన్‌బెర్గర్ అనే ఉద్యమకారిణి తన ఫైలు తెరిస్తే "డోనాల్డ్" అనే మారుపేరుతో ఎవడో తన సంగతులన్నీ చేరవేస్తున్నాడు. ఎవడా డోనాల్డ్ అని చూస్తే, తన ఇద్దరు పిల్లల తండ్రి, కట్టుకున్న మొగుడు.

మా అమ్మమ్మది గన్నవరం వైపు ఒక పల్లెటూరు. 1948 తర్వాత కమ్యూనిస్టుల కోసం కృష్ణా జిల్లా పల్లెల మీద మలబారు పోలీసుల్ని దించారు. కాటూరు, యలమర్రు ఊళ్లలో మగవాళ్లని బట్టలిప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. మా అమ్మమ్మ మాత్రం కొట్టిన సంగతుల కంటే ఒక గిన్నె సంగతి ఎక్కువ చెప్పేది. వాళ్లొచ్చి వంటింట్లో అన్నం గిన్నె మూత తీసి చూసేవాళ్లట. ఇంట్లో నలుగురుంటే ఆరుగురికి ఎందుకు వండావు? ఎవర్ని దాచావు? ఆ గిన్నె మాట వాళ్లకెలా తెలిసిందంటే పక్కింటావిడ చెప్పింది. ఆవిడ చెడ్డది కాదు, వాళ్లబ్బాయిని పట్టుకెళ్లి, చెబితే వదుల్తామన్నారు. తర్వాత ముప్పయ్యేళ్లు ఆ రెండిళ్ల మధ్య చేదబావి ఒకటే, మాటల్లేవు.

మీ గ్రూపులో ఫొటోలు పెడుతున్నవాళ్లని ఎవరూ బెదిరించలేదు, అదే నాకు ఎక్కువ భయం. నిజంగా దొంగతనం జరిగితే, ఎవరైనా ఎవర్నైనా కొడుతుంటే 112కి ఫోన్ చెయ్యండి, సాక్ష్యం చెప్పండి. ఇంటికి ఎంతమంది వచ్చిపోతున్నారన్నది నేరం కాదు. అసోసియేషన్ మీటింగు పెట్టి ఈ ముక్క మినిట్స్‌లో రాయించండి.

ప్రశ్న: సీసీ కెమెరాలు మంచివా చెడ్డవా? ఒక్క ముక్కలో చెప్పండి.
– మెకానిక్, ఆటోనగర్

జవాబు: ఫుటేజీ ఎవరు చూడొచ్చో, ఎవరడిగితే ఇవ్వాలో రాసిపెట్టి ఉంటే మంచివే. 2020 డిసెంబర్లో సుప్రీంకోర్టు పోలీసు స్టేషన్ల లోపల కూడా కెమెరాలు పెట్టమంది, ముఖ్యంగా లాకప్పుల దగ్గర. చిత్రంగా ఆ కెమెరాలే ఎక్కువసార్లు పాడవుతూ ఉంటాయి. చైనాలో షింజియాంగ్ పోలీసులు వాడిన ఒక యాప్‌ని 2019లో హ్యూమన్ రైట్స్ వాచ్ విప్పి చూస్తే, ముందు తలుపు వదిలి వెనక తలుపు నుంచి వెళ్లేవాళ్లు, కరెంటు మరీ ఎక్కువ వాడేవాళ్లు కూడా అనుమానితుల లెక్కలో ఉన్నారట. మీ షెడ్డులో వెల్డింగ్ మిషన్ ఉందిగా, ఆలోచించుకోండి.

ప్రశ్న: ఇలాంటి వ్యవస్థలు ఎప్పటికైనా కూలతాయా? (గవర్నర్‌పేట టీ దుకాణంలో అడిగినాయన)

జవాబు: కూలతాయండీ, కానీ మనం అనుకున్న చోట కాదు. ఈజిప్టులో జనవరి 25 పోలీసుల రోజు. 1952లో అదే తేదీన ఇస్మాయిలియాలో ఆయుధాలు అప్పగించమని బ్రిటిష్ సైన్యం అడిగితే పోలీసులు ఇవ్వబోమని పోరాడి యాభై మంది దాకా చచ్చిపోయారు. దేశం వాళ్ల కోసం ఏడ్చింది. 2010లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే కుర్రాణ్ణి పోలీసులు కొట్టి చంపారు. మరుసటి ఏడు జనం రోడ్డెక్కడానికి వేరే రోజు దొరక్కనా, సరిగ్గా ఆ జనవరి 25నే ఎంచుకున్నారు? ఒకప్పుడు తమవాళ్లైనవాళ్లు ఎవరివాళ్లైపోయారో చెప్పడానికే.

తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఇంకోలా జరిగింది. 1989 అక్టోబర్ 9 సాయంత్రం దాదాపు 70,000 మంది కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లోకొచ్చారు. సాయుధ పోలీసులు సిద్ధంగా ఉన్నారు, ఆస్పత్రుల్లో రక్తం తెప్పించి పెట్టారు. కాల్చమన్న ఆర్డర్ పైనుంచి రాలేదు, కింద ఉన్నవాళ్లు తమంతట తాము కాల్చలేదు. నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ లేదు. స్టాసీ మంత్రి మీల్కే నవంబర్ 13న పార్లమెంటులో లేచి "నేను అందర్నీ ప్రేమిస్తాను" అన్నాడు. ముప్పయి రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఆ మాట అంటే సభ మొత్తం నవ్వింది.

టీ డబ్బులు ఆయనే ఇచ్చేశాడు, ఇక్కడ థాంక్స్ చెబుతున్నాను.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో మా వార్డు డ్రైనేజీ గురించి ఒక పోస్టు పెట్టాను, కాస్త ఘాటుగానే. రెండు రోజులకి ఎవరో ఫోన్ చేసి "స్టేషన్‌కి ఒకసారి రా, మాట్లాడాలి" అన్నారు. నోటీసు లేదు, ఏం కేసో చెప్పలేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. వెళ్లాలా వద్దా?
– ప్రైవేటు ఉద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ముందు ఆ పోస్టు భయంతో డిలీట్ చెయ్యకు బాబూ, స్క్రీన్‌షాట్ తీసి దాచు. ఫోన్ చేసిన నంబరు, టైము, ఏమన్నారో ఒక కాగితం మీద రాసుకో. మళ్లీ ఫోన్ వస్తే మర్యాదగానే "ఏ కేసు సార్, క్రైమ్ నంబరు ఎంత, నోటీసు పంపండి తప్పకుండా వస్తాను" అను. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో కారణం లేకుండా అరెస్టు చెయ్యకూడదని, ముందు హాజరవమని నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది సెక్షన్ 41ఎ, ఇప్పుడు 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది 35(3). నోటీసొచ్చాక మాత్రం వెళ్లకుండా ఉండకు, వెళ్లకపోతే ఆ కారణంతోనే అరెస్టు చెయ్యొచ్చు. ఇంకోటి, నువ్వు పోస్టు పెట్టావు కదా అని ఐటీ చట్టం 66ఎ కింద కేసంటే నవ్వుకో, ఆ సెక్షన్‌ని 2015లోనే కొట్టేశారు, అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు కొన్ని స్టేషన్లలో దాన్ని వాడుతూనే ఉన్నారు.

నాకూ ఒకసారి ఇలాంటి ఫోనే వచ్చింది, ఏ స్టేషనో చెప్పను. క్లయింటుతో వెళ్తే సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క మాట తూలలేదు, గోడ గడియారం టిక్ టిక్ తప్ప ఏం లేదు. "రేపు రండి" అన్నారు. మర్నాడూ అంతే. మూడో రోజు నేను రాతపూర్వకంగా ఒక అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు కావాలన్నాను. స్టాంపు వెయ్యడానికి పావుగంట చర్చ జరిగింది. స్టాంపు పడింది, నాలుగో రోజు ఫోన్ రాలేదు.

కాబట్టి ఒంటరిగా వెళ్లకు, వకీలు వీలు కాకపోతే బావగారినో బాబాయినో తోడు తీసుకెళ్లు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, నీవాళ్లకి కబురు చెయ్యాలి, ఇవి 1996లో డి.కె. బసు కేసు నుంచి ఉన్న నియమాలే. తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకు. వెళ్లేముందు నోటీసు రెండు జిరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో అమ్మ చేతికివ్వు, ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకో, అన్నం తిని వెళ్లు. ఆ డ్రైనేజీ ఫొటోలు మాత్రం నాకు పంపు, మున్సిపల్ కమిషనర్‌కి విడిగా ఒక అర్జీ రాసిపెడతాను.